తిరుపతి నుంచి పబ్లిక్ అఫైర్స్ మాస్టర్స్‌కు అప్లై చేయడం ఎలా?

ప్రభుత్వం ఎలా పనిచేస్తుంది, మంచి పథకం కూడా ఊరిదాకా వచ్చేసరికి ఎందుకు చతికిలపడుతుంది అన్న ఆలోచన మిమ్మల్ని వదలడం లేదనుకోండి. మన వైపు ఎవరిని అడిగినా ఒకటే సలహా ఇస్తారు: గ్రూప్స్ రాయి, లేదా సివిల్స్ రాయి. అది మంచి దారే. అయితే ప్రభుత్వం పనితీరునే ఒక చదువుగా నేర్పే పీజీ కోర్సులు కూడా ఉన్నాయని మన దగ్గర చాలామందికి తెలియదు. తిరుపతిలో కన్సల్టెన్సీకి వెళ్ళి అడిగితే కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ గురించి గంటసేపు చెబుతారు, పబ్లిక్ అఫైర్స్ అనగానే ఎంబీఏ బ్రోషర్ చేతిలో పెడతారు. అందుకే ఈ వివరం మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ కోర్సులకు సీటు తెచ్చిపెట్టే వాటిలో పెద్దది మీ పర్సెంటేజీ కాదు. ఏదో ఒక ప్రజా సమస్య మీకు దగ్గరగా తెలిసి ఉండాలి, దాని మీద పనిచేయడానికి మీకు ఇంకా ఏ నైపుణ్యం కావాలో మీరే చెప్పగలగాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు అలాంటి సమస్యలు వెతుక్కోనక్కర్లేదు. వాటిని రాసే పద్ధతి తెలిస్తే చాలు.

కోర్సు ఏమిటో ముందు తేల్చుకోండి

మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అఫైర్స్, మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ అని మూడు పేర్లు కనిపిస్తాయి. మొదటి రెండింటినీ ఎంపీఏ అనీ, మూడోదాన్ని ఎంపీపీ అనీ అంటారు. స్థూలంగా చూస్తే ఎంపీపీలో లెక్కలు, ఎకనామిక్స్, డేటా విశ్లేషణ పాళ్ళు ఎక్కువ. ఎంపీఏలో ఆఫీసు నడపడం, బడ్జెట్, సిబ్బంది, అమలు పాళ్ళు ఎక్కువ. కానీ పేరు చూసి నిర్ణయించుకోవద్దు. ఆ కోర్సులో మొదటి ఏడాది తప్పనిసరి సబ్జెక్టులు ఏమిటో చూడండి. మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ దాదాపు ప్రతిచోటా ఉంటాయి. ఇంటర్‌తో లెక్కలు వదిలేసినవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

అమెరికాలో ఈ కోర్సు మామూలుగా రెండేళ్ళు. బ్రిటన్‌లో ఇలాంటి కోర్సులు చాలావరకు ఏడాదిలో అయిపోతాయి. ఇది సివిల్స్ కోచింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఇది చదివినవాళ్ళు ప్రభుత్వ సలహా సంస్థల్లో, నగర పాలక సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన సంస్థల్లో, ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల పనిచేస్తారు. కలెక్టరు కావాలన్నదే మీ కోరికైతే ఈ డిగ్రీ దాన్ని తీర్చదు. అక్కడికి నేరుగా తీసుకెళ్ళే దారి యూపీఎస్సీయే.

క్యాలెండర్ గోడకు తగిలించండి

అమెరికాలో క్లాసులు ఆగస్టు చివర్లో మొదలవుతాయి. వాటికి అప్లికేషన్ గడువు అంతకుముందు డిసెంబరు 1 నుంచి జనవరి నెలాఖరు మధ్య ఎక్కువగా ఉంటుంది. ఫలితాలు మార్చి ప్రాంతంలో వస్తాయి. అంటే చేరాల్సిన రోజుకు సుమారు ఏడాదిన్నర ముందు పని మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో యూనివర్సిటీల జాబితా, వేసవిలో జీఆర్‌ఈ (పీజీ అడ్మిషన్లకు చూసే పరీక్ష), ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం), అక్టోబరులో రికమండేషన్ ఇచ్చేవాళ్ళను అడగడం, నవంబరు మధ్యకు అన్నీ సిద్ధం. డిసెంబరు 1 గడువంటే అమెరికా టైం ప్రకారమని గుర్తుంచుకోండి. అలాగని ఆఖరి రాత్రి దాకా ఆగకండి.

పాస్‌పోర్టు, పేరు

చిన్న పనిలా కనిపిస్తుంది కానీ మన తెలుగువాళ్ళను ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. డిగ్రీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మారుతుంది. ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో రాయించుకున్నవాళ్ళు కూడా ఉంటారు. అలా సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మీ మొత్తం పేరు సర్‌నేమ్‌గా మారిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది. తర్వాత అక్కడ బ్యాంకు ఖాతా దగ్గర, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఆ మూడక్షరాలతో ఇబ్బంది పడాల్సి వస్తుంది.

కాబట్టి అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు తీయించుకోండి, ఉంటే సరిచూసుకోండి. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. ఇంటిపేరు పూర్తిగా విడదీసి సర్‌నేమ్ గడిలో రాయించండి. ఆ తర్వాత జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీషు పరీక్ష), అప్లికేషన్ ఫారం, అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. సచివాలయంలోనో ఇంకే ప్రభుత్వ ఉద్యోగంలోనో ఉన్నవాళ్ళు పాస్‌పోర్టుకు ముందు పైఅధికారికి తెలియజేసిన కాగితం గానీ, ఎన్‌ఓసీ గానీ దగ్గర పెట్టుకోవాలి.

ఎక్కడ అప్లై చేయాలి

అమెరికాలో ఈ చదువుకు పాత పేరున్న చోటు సిరక్యూజ్ యూనివర్సిటీలోని మాక్స్‌వెల్ స్కూల్. 1924లో మొదలైంది. ఇండియానా యూనివర్సిటీలో ఓ'నీల్ స్కూల్, టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో ఎల్‌బీజే స్కూల్, విస్కాన్సిన్‌లో లా ఫాలెట్ స్కూల్, మిన్నెసోటాలో హంఫ్రీ స్కూల్, హార్వర్డ్‌లో కెన్నెడీ స్కూల్ మీ జాబితాలో చూడదగ్గవి. ప్రిన్స్‌టన్‌లో ఎంపీఏలో సీటొచ్చిన ప్రతి ఒక్కరికీ ట్యూషన్ ఫీజు యూనివర్సిటీయే భరిస్తుంది. అక్కడ సీటు రావడం చాలా కష్టం, అయినా స్థోమత లేదని మొదటే కొట్టేయాల్సిన పేరు కాదు. తెలియని యూనివర్సిటీ ఎదురైతే దాని కోర్సుకు నాస్పా గుర్తింపు ఉందో లేదో చూడండి. ఈ రంగంలో మాస్టర్స్ కోర్సులను పరిశీలించి గుర్తింపునిచ్చే సంస్థ అది. కొన్ని మంచి పాలసీ స్కూళ్ళు ఆ గుర్తింపు తీసుకోలేదు కాబట్టి లేనంత మాత్రాన చెడ్డదని అనుకోవద్దు. తెలియని చోటుకు మాత్రం అది మంచి గీటురాయి.

జాబితా ఆరేడు దాటనివ్వకండి. ప్రతి అప్లికేషన్‌కూ డాలర్లలో ఫీజు కట్టాలి, ఒక్కో ఎస్‌ఓపీ విడిగా రాయాలి. ఫీజు మాఫీ కోసం అడ్మిషన్స్ ఆఫీసుకు మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. వాళ్ళ ఆన్‌లైన్ పరిచయ సమావేశానికి హాజరైనవాళ్ళకు ఫీజు తీసేసే స్కూళ్ళు కూడా ఉన్నాయి.

మూడేళ్ళ డిగ్రీ వాళ్ళు ఒక విషయం చూసుకోవాలి. కొన్ని అమెరికన్ యూనివర్సిటీలు పదహారేళ్ళ చదువు అడుగుతాయి, కొన్ని మూడేళ్ళ డిగ్రీకి కూడా ఒప్పుకుంటాయి. బీటెక్ వాళ్ళకు ఈ చిక్కు లేదు. మూడేళ్ళ బీఏ, బీకామ్, బీఎస్సీ చేసినవాళ్ళు యూనివర్సిటీకి ముందే రాసి లిఖితపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. పీజీ కూడా చేసి ఉంటే చాలాచోట్ల ఈ చిక్కు తీరిపోతుంది.

విదేశమే ఎందుకు అనుకుంటే, చిత్తూరు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే బెంగళూరులో నేషనల్ లా స్కూల్ ఉంది. అక్కడ 2014 నుంచి రెండేళ్ళ ఎంపీపీ నడుస్తోంది, వాళ్ళ సొంత ఎంట్రన్స్ రాయాలి. లా చదివినవాళ్ళకే అనుకోవద్దు, ఏ డిగ్రీ అయినా సరే. ఊరు దాటలేని పరిస్థితి ఉంటే మన ఎస్వీ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విభాగం ఉండనే ఉంది. ఖర్చు తక్కువ. ఆ డిగ్రీతో పాటు రెండేళ్ళు ఏదైనా క్షేత్రస్థాయి పని చేస్తే, తర్వాత విదేశీ అప్లికేషన్‌కు కూడా పనికొస్తుంది. అమ్మానాన్నలను వదిలి వెళ్ళలేని ఆడపిల్లలు నన్ను అడిగితే ఈ దారే ముందు చెబుతాను.

లెక్కలు వచ్చని చూపించండి

అడ్మిషన్ కమిటీకి ఉండే మొదటి సందేహం: ఈ విద్యార్థి స్టాటిస్టిక్స్ పేపరు గట్టెక్కగలడా? బీటెక్, బీకామ్, ఎకనామిక్స్ వాళ్ళకు మెమోలోనే సాక్ష్యం ఉంటుంది. హిస్టరీ, పాలిటిక్స్, తెలుగు సాహిత్యం చదివినవాళ్ళు ఐఐటీలు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్‌లో స్టాటిస్టిక్స్ గానీ, మైక్రో ఎకనామిక్స్ గానీ ఒక కోర్సు చేసి, దాని పరీక్ష కూడా రాయండి. వీడియోలు చూశాం అంటే చాలదు, సర్టిఫికెట్ మీద మార్కు కనిపించాలి.

జీఆర్‌ఈ చాలా స్కూళ్ళు ఇప్పుడు తప్పనిసరి చేయడం లేదు. అయినా లెక్కల సబ్జెక్టులు లేని డిగ్రీ మీదైతే రాయమనే నా సలహా. క్వాంట్‌లో, అంటే లెక్కల భాగంలో, మంచి స్కోరు ఆ సందేహానికి సూటి జవాబు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష చిన్నదైంది, రెండు గంటల లోపే అయిపోతుంది. వెర్బల్, క్వాంట్ ఒక్కొక్కటి 130 నుంచి 170 మధ్య స్కోరు, వాటితో పాటు ఒక వ్యాసం. స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది. ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు కానీ గదిలోకి ఎవరూ రాకూడదు, రఫ్ వర్కుకు కాగితం కుదరదు, వైట్‌బోర్డు వాడాలి. కరెంటు కోతలూ, పక్కింటి ఫంక్షన్ మైకులూ ఉన్న చోట ఆ టెన్షన్ ఎందుకు? చెన్నైకో బెంగళూరుకో వెళ్ళి సెంటర్‌లో రాయడమే మేలు. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా రాయకండి.

మార్కుల విషయంలో ఇంకో జాగ్రత్త. మన పర్సెంటేజీని మీరే నాలుగు పాయింట్ల జీపీఏగా మార్చి రాయకండి. ఫారంలో స్కేలు 100 అనో, 10 అనో ఎంచుకుని మెమోలో ఉన్నది ఉన్నట్టు వేయండి. ట్రాన్స్‌క్రిప్టుల (అన్ని సెమిస్టర్ల మార్కులతో యూనివర్సిటీ ఇచ్చే అధికారిక పత్రాల) కోసం యూనివర్సిటీ పరీక్షల విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి, ఇది ఒక్క రోజులో తేలే పని కాదు. సీల్డ్ కవర్లు అవసరానికి మించి రెండు ఎక్కువే తీసుకోండి. సప్లిమెంటరీలు ఉన్నా భయపడకండి. ఒకటో రెండో సెమిస్టర్‌లో తడబడి తర్వాత నిలదొక్కుకున్నవాళ్ళను వాళ్ళు చాలామందిని చూసి ఉంటారు.

ఒక సమస్యను పట్టుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. ఎస్‌ఓపీ రాయడానికి కనీసం మూడు నెలల ముందు ఒక సమస్యను ఎంచుకుని, దాని వెనకాల తిరగండి. మన దగ్గర ఉన్నవాటిలో కొన్ని చెబుతాను.

2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారాయి. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. వాన ఎక్కువ పడింది నిజమే. కానీ నీళ్ళు పోవాల్సిన కాలువల మీద, చెరువు భూముల మీద కట్టడాలకు అనుమతి ఎవరిచ్చారు, డ్రైనేజీ ప్లాను ఎవరి చేతిలో ఉంది, కార్పొరేషన్‌దా, పట్టణాభివృద్ధి సంస్థదా, ఇరిగేషన్ శాఖదా? ఇది పక్కా పబ్లిక్ అఫైర్స్ ప్రశ్న.

2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు భక్తులు తిరుపతిలో తొక్కిసలాటలో చనిపోయారు. లక్షల మంది వచ్చిపోయే ఊళ్ళో జనసమ్మర్దాన్ని నడిపించే బాధ్యత ఎన్ని శాఖల మధ్య పంచి ఉంది, వాటి మధ్య సమాచారం ఎలా నడుస్తుంది అన్నది కూడా అలాంటి ప్రశ్నే. దీని గురించి రాసేటప్పుడు చనిపోయినవాళ్ళ పట్ల గౌరవం ఉండాలి, ఎవరినో దోషిగా నిలబెట్టే తొందర ఉండకూడదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. తిరుపతి జిల్లా కొత్తగా వచ్చింది, కొన్ని మండలాలు నెల్లూరు వైపు నుంచి ఇటు కలిశాయి. జిల్లా కేంద్రం దగ్గరైనందువల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరి పని పెరిగింది? దీని మీద మీరు రాయొచ్చు.

సమస్య ఎంచుకున్నాక ఆధారాలు సేకరించండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుల్లో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కాలువల పూడికతీతకు ఏ ఏడాది ఎంత ఖర్చయింది, ఏ వార్డులో ఎంత అని అడగండి. వచ్చిన కాగితాన్ని వార్డుకెళ్ళి పోల్చి చూడండి. ఈ ఒక్క పని చేసినవాడి ఎస్‌ఓపీకీ, చేయనివాడి ఎస్‌ఓపీకీ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

ఎస్‌ఓపీ: అసలు పని ఇక్కడే

మన వైపు నుంచి వెళ్ళే ఎస్‌ఓపీలు తరచు ఇలా మొదలవుతాయి:

"చిన్నప్పటి నుంచీ నాకు ప్రజాసేవ అంటే ఎంతో ఇష్టం. మా గ్రామంలో పేదరికాన్ని చూసి చలించిపోయాను. మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో చదివి నా దేశానికి సేవ చేయాలని నా కల."

ఇందులో అబద్ధమేమీ లేదు. రాసిన మనిషి మాత్రం కనిపించడు. అదే కుర్రాడు, పూతలపట్టు వైపు మామిడి రైతు కొడుకు అనుకుందాం, ఇలా రాస్తే?

"మా నాన్న తోతాపురి పండిస్తాడు. 2025 సీజన్‌లో ధర పడిపోతే, కిలోకు 12 రూపాయలు అందేలా చూస్తామని ప్రభుత్వం చెప్పింది. అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తుంది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో నిలబడినప్పుడు నాకు అర్థమైంది: ఒకే కాయకు రెండు చేతుల నుంచి, రెండు వేర్వేరు రోజుల్లో డబ్బు రావాలి. ప్రభుత్వ వాటా తోట ఎవరి పేరున నమోదైతే వాళ్ళకు పోతుంది. మా తోట పక్కన కౌలుకు చేసే రైతు పేరు రికార్డులో లేదు. పథకం ప్రకటించిన నాటికీ, ఆ 4 రూపాయలు కౌలు రైతు చేతికి చేరే నాటికీ మధ్య ఏం జరుగుతుందో లెక్కగట్టే పద్ధతి నాకు తెలియదు. అది నేర్చుకోవడానికే ఈ కోర్సుకు దరఖాస్తు చేస్తున్నాను."

చూడండి, ఇక్కడ ప్రజాసేవ అన్న మాటే లేదు. కానీ చదివేవాళ్ళకు ఈ కుర్రాడు ఏం చూశాడో, ఏం ఆలోచించాడో, ఏం తెలియదో మూడూ తెలిశాయి. ఆఖరి వాక్యాలు ముఖ్యం. తనకు తెలియనిది ఏమిటో కచ్చితంగా చెప్పగలిగినవాడికే చదువు ఉపయోగపడుతుందని కమిటీకి తెలుసు.

ఇక తర్వాతి పేరాల్లో సమస్యను ఇంకాస్త విప్పండి. ఇదే మామిడి ఉదాహరణలో, అదే 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం కర్ణాటక తోతాపురి మన ఫ్యాక్టరీలకు రాకుండా ఆపింది. అవతల కోలారు వైపు రైతులు గోల పెట్టారు, కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. మన రైతుకు మేలు చేసే నిర్ణయం పక్క రాష్ట్ర రైతుకు నష్టమైంది. ఇలాంటి చోట సులువైన జవాబు ఉండదు. ఉందన్నట్టు రాయకండి. ఎవరికి ఎంత లాభం, ఎవరికి ఎంత నష్టం, ఇంకేం చేసి ఉండొచ్చు అని రెండు వైపులా చూపించండి. కౌలు రైతుల సంగతి ఎత్తితే 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం, కౌలు కార్డులు, ఈ-క్రాప్ నమోదు (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే పద్ధతి) గురించి కూడా తెలిసి ఉండాలి. చట్టం ఉంది, కార్డు ఎందుకు అందలేదు అన్న చోటి నుంచే పాలసీ చదువు మొదలవుతుంది. దామలచెరువు, బంగారుపాళ్యం మండీల్లో ఒక రోజంతా కూర్చుని మాట్లాడిన తర్వాత రాస్తే ఈ పేరాలు వాటంతటవే వస్తాయి.

ఆ తర్వాత ఆ స్కూలే ఎందుకన్నది రాయాలి. ర్యాంకు గొప్పది, వాతావరణం బాగుంటుంది అనే మాటలు వద్దు. ఏ సబ్జెక్టు, ఏ పరిశోధన కేంద్రం, మీ సమస్యకు అది ఎలా పనికొస్తుంది, అంతే. స్కూలు మారినప్పుడు ఈ పేరా మారి తీరాలి. పోయినసారి రాసిన స్కూలు పేరు అలాగే ఉండిపోకుండా పంపే ముందు ఒకసారి వెతకండి.

చివర్లో, చదువయ్యాక ఏం చేస్తారో నేల మీద నిలబడి చెప్పండి. పదేళ్ళ తర్వాత మంత్రి కావడం గురించి కాదు, మొదటి ఉద్యోగం గురించి. ప్రిన్స్‌టన్ లాంటి చోట్ల పాలసీ మెమో కూడా విడిగా అడుగుతారు. అంటే ఒక అధికారికి మీరు రాసే చిన్న నోట్: సమస్య ఇది, మార్గాలు ఇవి, నేను సిఫారసు చేసేది ఇది, దీనికి అడ్డంకులు ఇవి. పైన చెప్పిన ఆధారాలు మీ దగ్గర ఉంటే ఈ మెమో ఒక వారంలో రాయగలరు.

సివిల్స్‌కో గ్రూప్స్‌కో చదువుతూ కొన్నేళ్ళు గడిచినవాళ్ళు ఆ కాలాన్ని దాచకండి. రెజ్యూమెలో కనిపించే ఖాళీ గురించి వాళ్ళు ఎలాగూ ఆలోచిస్తారు. రెండు వాక్యాల్లో నిజం చెప్పండి: ఫలానా ఏళ్ళు ఈ పరీక్షకు పూర్తిగా కేటాయించాను, పరిపాలన, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ గట్టిగా చదివాను, ఇప్పుడు ఆ జ్ఞానంతో ఒక సమస్య మీద పనిచేయాలనుకుంటున్నాను. సెలెక్ట్ కాలేదన్న బాధ అందులో కలపొద్దు. మన ఇళ్ళల్లో దాన్ని ఓటమిలా చూస్తారు కానీ, అన్నేళ్ళు ఒక్క పని మీద కూర్చోగలగడం తక్కువ విషయం కాదు, అది చదివేవాళ్ళకు కూడా కనిపిస్తుంది.

ఎస్‌ఓపీ తయారుగా అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఒకే మూస పదిమంది పేర్లతో తిరుగుతుంటుంది. తెలుగులో ముందు రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకున్నా తప్పులేదు. ఆలోచన తేటగా ఉంటే ఇంగ్లీషు చిన్న వాక్యాల్లో చాలు.

రికమండేషన్ లెటర్లు

మామూలుగా మూడు అడుగుతారు. కనీసం ఒకటి పాఠం చెప్పిన సార్ నుంచో మేడమ్ నుంచో, ఒకటి మీ పని చూసినవాళ్ళ నుంచి ఉండాలి. ఎమ్మెల్యే సంతకం, పెద్ద అధికారి లెటర్‌హెడ్ కోసం తిరగకండి. మీ గురించి రెండు ముక్కలు నిజంగా చెప్పగల ఎంపీడీఓ, స్వచ్ఛంద సంస్థ కోఆర్డినేటర్ ఎంతో మేలు.

మన కాలేజీల్లో ఒక అలవాటు ఉంది: "నువ్వే రాసుకుని రామ్మా, సంతకం పెడతాను" అంటారు. వాళ్ళకు తీరిక లేక అంటారు తప్ప చెడ్డ ఉద్దేశం కాదు. కానీ మూడు లెటర్లూ ఒకే గొంతుతో వస్తే చదివేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. పైగా అది నిజాయితీ కాదు. దానికి బదులు ఒక పేజీ రాసి ఇవ్వండి: "సార్, మీ క్లాసులో నేను చేసిన ప్రాజెక్టు ఇది, మీరు మెచ్చుకున్న విషయం ఇది, ఈ కోర్సులో వాళ్ళు చూసేది ఇది." అది చేతిలో ఉంటే సార్ సొంతంగా రాయడం తేలికవుతుంది. లెటర్ కాగితం మీద పంపేది కాదు, యూనివర్సిటీ నుంచి వాళ్ళ మెయిల్‌కు లింకు వస్తుంది. కాలేజీ అధికారిక మెయిల్ ఉంటే అదే ఇవ్వమనండి. స్పామ్‌లోకి పోవచ్చని ముందే చెప్పండి, వీలైతే లింకు తెరిచేటప్పుడు పక్కన ఉండి సాయం చేయండి. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి ఫోన్ చేసి గుర్తుచేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

రెజ్యూమె

ఒకటి లేక రెండు పేజీలు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, కులం, డిక్లరేషన్ అక్కర్లేదు. గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎమెనిటీస్ సెక్రటరీగానో, వెల్ఫేర్ అసిస్టెంట్‌గానో, డిజిటల్ అసిస్టెంట్‌గానో పనిచేస్తున్నవాళ్ళు ఆ అనుభవాన్ని చిన్నదిగా చూడకండి, ఈ కోర్సుకు అంతకంటే దగ్గరి అనుభవం లేదు. అయితే సచివాలయం అంటే అమెరికా వాళ్ళకు తెలియదు. 2019 అక్టోబరు 2న మొదలైన, గడప దగ్గరికి ప్రభుత్వ సేవలు తెచ్చే వ్యవస్థ అని ఒక వాక్యం రాసి, మీ పరిధిలో ఎన్ని ఇళ్ళు, నెలకు ఎన్ని దరఖాస్తులు, మీరు మార్చినదేమిటి అని అంకెలతో చెప్పండి.

డబ్బు

అడ్మిషన్‌తో పాటే స్కాలర్‌షిప్, అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పనిచేస్తే ఇచ్చే సాయం) అడగండి, చాలాచోట్ల వాటికి వేరే గడువు ఉంటుంది, అది ముందే ముగుస్తుంది. మూడేళ్ళ ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ళకు అమెరికా చదువుకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది, అందులో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఒక రంగం. చదువయ్యాక రెండేళ్ళు తిరిగి మన దేశంలో ఉండాలన్న షరతు దాని వీసాకు ఉంటుంది. బ్రిటన్‌కైతే చెవెనింగ్ స్కాలర్‌షిప్, దానికి రెండేళ్ళ అనుభవం కావాలి. ఎస్సీ విద్యార్థులు, సంచార జాతుల వాళ్ళు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ తప్పకుండా చూడాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, డిగ్రీలో 60 శాతం ఉండాలి, వయసు 35 లోపు. తహసీల్దార్ ఆఫీసు నుంచి కుల, ఆదాయ పత్రాలు తాజావి తీసి పెట్టుకోండి.

బ్యాంకు లోను తీసుకునే రైతు కుటుంబాలకు ఒక విషయం. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి. మామిడి తోట పట్టా చూపిస్తే మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. లోను కట్టకపోతే బ్యాంకు నేరుగా ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే వాళ్ళు ఇల్లు గానీ, ఇంటి స్థలం గానీ అడుగుతారు. ఇంట్లో ఈ మాట ముందే కూర్చుని మాట్లాడుకోండి. అమ్మ పేరున ఉన్న ఒక్క ఇల్లు తనఖా పెట్టి, ఏ స్కాలర్‌షిప్పూ లేకుండా ఈ కోర్సుకు వెళ్ళమని నేను చెప్పను. ఐటీ జీతాలు ఈ రంగంలో మొదట్లో ఉండవు.

పంపిన తర్వాత

పోర్టల్‌లోకి వారానికోసారి వెళ్ళి లెటర్లు, స్కోర్లు చేరాయో లేదో చూడండి. సీటొస్తే జవాబివ్వడానికి చాలా స్కూళ్ళలో ఏప్రిల్ 15 దాకా సమయం ఉంటుంది. రెండుచోట్ల వస్తే, తక్కువ సాయం ఇచ్చిన స్కూలుకు ఇంకోచోట వచ్చిన ఆఫర్ జతచేసి ఇంకాస్త సాయం చేయగలరా అని రాయండి. ఇది బేరం కాదు, అక్కడ మామూలే. డబ్బు లెక్క చూపాక ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వస్తుంది. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు కట్టి, డీఎస్-160 అనే వీసా ఫారం నింపి, వీసా స్లాట్ తీసుకోవాలి. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల జాబితా) కిందికి వస్తుందో లేదో ఐ-20 మీది కోడ్ చెబుతుంది. వస్తే చదువయ్యాక ఏడాది పని అనుమతికి తోడు ఇంకో 24 నెలలు అడిగే వీలుంటుంది.

బయల్దేరే ముందు ట్రాన్స్‌క్రిప్టు సీల్డ్ కవరు ఒకటి చింపకుండా హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి. చేరాక ఫైనల్ మార్కులతో ఉన్న అధికారిక కాపీ అడుగుతారు. అది అందే దాకా తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆపేసే చోట్లు ఉన్నాయి, అక్కడి నుంచి దాన్ని తెప్పించుకోవాలంటే ఇంట్లోవాళ్ళు మళ్ళీ పరీక్షల విభాగం చుట్టూ తిరగాలి.